మమకారంలో సప్లిమెంటరీ

డాక్టర్ ముక్కామల సుగుణ ముప్ఫై ఏళ్ళుగా మనుషుల భయం, దుఃఖం, సంతోషం మెదడులో ఎలా పుడతాయో పరిశోధిస్తోంది. బెంగుళూరులో ఆమెకొక ప్రయోగశాల, అందులో పదకొండు మంది శిష్యులు ఉన్నారు. ఇంతకాలం పరిశోధించి ఆమె తేల్చుకున్నదేమిటంటే, ఈ విషయంలో గట్టిగా తేల్చి చెప్పగలిగింది చాలా తక్కువ అని. అందుకే కౌముదీ మహిళా విశ్వవిద్యాలయం రిజిస్ట్రారు దగ్గర నుంచి వచ్చిన ఉత్తరం మొదటిసారి చదివినప్పుడు నవ్వుకుంది. రెండోసారి చదివినప్పుడు నవ్వు రాలేదు.

"పూర్వ విద్యార్థినుల సమ్మేళనమునకు తమరు ముఖ్య అతిథిగా విచ్చేయవలసినదిగా కోరడమైనది. ఇటీవల విచ్చేసిన మూల్యాంకన సంఘము వారు, పూర్వ విద్యార్థినులకు సంస్థ పట్ల గల మమకారమునకు తగిన ఆధారములు లేవని అభ్యంతరము తెలిపియున్నందున, సదరు మమకారమును శాస్త్రీయముగా కొలిచి శాతములలో నమోదు చేయుటకు పాలకమండలి తీర్మానించినది. భావోద్వేగములలో తమరికి గల సుదీర్ఘ అనుభవము దృష్ట్యా తమ సమ్మతి తెలుపగలరు."

సుగుణ ఆ విశ్వవిద్యాలయంలోనే జంతుశాస్త్రం ఎమ్మెస్సీ చదివింది. కోస్తాలో, సముద్రపు గాలి తగిలే ఊరది. మళ్ళీ ఒకసారి చూడాలని ఆమెకూ ఉంది. కానీ ఈ శాతాల సంగతి ముందే తేల్చుకోవాలని రిజిస్ట్రారు ఆచార్య త్రివిక్రమరావుకు ఫోన్ చేసింది.

"సార్, మమకారాన్ని అలా కొలవడం కుదరదండీ. మెదడులో ఇది ఆనందం, ఇది దుఃఖం అని బోర్డులు పెట్టిన గదులేవీ ఉండవు."

అవతల కలం కాగితం మీద గీరుకున్న చప్పుడు వినిపించింది. "గదుల కొరత ఉందంటారు. నమోదు చేసుకుంటున్నాను మేడం. మన దగ్గరా అదే ఇబ్బంది."

నోటిమాట చాలదని సుగుణ మెయిలు కూడా పంపింది. అందులో ఒకే వాక్యం రాసింది. "భావోద్వేగాన్ని ఒక అంకెగా కొలవడం నేటి విజ్ఞానశాస్త్రానికి సాధ్యం కాదు." దాంతో ఆ గొడవ తీరిపోయిందనుకుంది.

సమ్మేళనం రోజు ఉదయం టాక్సీ దిగి తలెత్తేసరికి గేటు మీద ఆమె ఫోటో ఉంది, తలుపంత పెద్దది. దాని కింద ఎర్రక్షరాల్లో ఇలా ఉంది: "భావోద్వేగాన్ని ఒక అంకెగా కొలవడం నేటి విజ్ఞానశాస్త్రానికి సాధ్యం - డాక్టర్ ముక్కామల సుగుణ."

"ఫ్లెక్సీలో చోటు చాల్లేదటక్కా," అంది పక్కనే నిలబడ్డ ఫర్జానా. "ఒక మాట తీసెయ్యాలన్నాడట అచ్చువేసేవాడు. ఆఫీసువాళ్ళు చివర చిన్నమాటే కదా అని దాన్ని తీసేశారు."

ఫర్జానా హాస్టల్లో సుగుణ పక్కగది పిల్ల, రెండేళ్ళు చిన్న. ఇప్పుడు జంతుశాస్త్ర విభాగానికి అధిపతి. ఆ రోజుల్లో ఎంత గలగలా మాట్లాడేదో, ఇవాళ అంత పొడిపొడిగా మాట్లాడుతోంది.

"ఏంటే, అలా ఉన్నావు?"

"లోపలికి పద, చెప్తాను."

లోపల వసారాలో ఆడవాళ్ళు రెండు వరసల్లో నిలబడి ఉన్నారు. పట్టుచీరలు, మల్లెపూలు, మోకాళ్ళనొప్పులు, పేరు గుర్తురాక ముఖంలోకి ముఖం పెట్టి చూసుకోవడాలు. వాళ్ళ ముందు ఒక నల్లబల్ల మీద సూచనలు రాసి ఉన్నాయి. "పాత ఫోటోలు, ఆటోగ్రాఫు పుస్తకాలు, హాస్టలు నాటి ఉత్తరాలు హాలులోనికి తీసుకొనిపోరాదు. కృత్రిమ పద్ధతులలో మమకారము పెంచుకొనువారు మాల్‌ప్రాక్టీసు నిబంధనల కింద చర్యకు అర్హులగుదురు."

ఇద్దరు లెక్చరర్లు స్క్వాడ్ బ్యాడ్జీలు పెట్టుకుని హ్యాండుబ్యాగులు వెతుకుతున్నారు. డెబ్భై దాటిన ఒకావిడ పర్సులోంచి అంచులు చిరిగిన గ్రూపు ఫోటో బయటపడింది.

"ఇదేంటమ్మా?"

"మా బ్యాచి ఫోటోనమ్మా. ఎక్కడికెళ్ళినా నా పర్సులోనే ఉంటుంది."

"అంటే అలవాటుగా చేస్తున్నారన్నమాట," అని లెక్చరరు రాసుకుని, ఫోటోను కవర్లో పెట్టి సీలు వేసింది.

స్క్వాడ్ దాటినవాళ్ళ నుదుటికి బూడిదరంగు పట్టీ ఒకటి కడుతున్నారు. పట్టీలోంచి అంకెలు గాల్లోనే కంప్యూటర్లోకి వెళ్తాయట. లోపల వేదిక పక్కన పెద్ద తెర మీద ఏ విభాగం వాళ్ళకు ఎంత మమకారం ఉందో ఎప్పటికప్పుడు కనిపిస్తుందట.

ఫర్జానా సుగుణను ఒక స్తంభం వెనక్కి తీసుకెళ్ళింది. "ఇది వేడుక కాదక్కా, పరీక్ష. అరవై శాతం రాని విభాగాన్ని ఎత్తేస్తారు. పూర్వ విద్యార్థినులకే అక్కర్లేని విభాగం మనకెందుకు అని తీర్మానం చేశారు. మాది ఎత్తేస్తే పిల్లల్ని జీవన నైపుణ్యాల విభాగంలో కలుపుతారు. అక్కడ టేబుల్ మీద చెంచా ఎటు పెట్టాలో నేర్పుతారు."

"ఎంతమంది ఉన్నారు పిల్లలు?"

"నలభై ఆరుమంది. సగంమంది చేపల వేటకెళ్ళే వాళ్ళ ఇళ్ళనుంచి వచ్చినవాళ్ళే. చేపకి ఏ జబ్బు ఎందుకొచ్చిందో వాళ్ళ నాన్నలకి చెప్తున్నారు. ఇది పోతే మళ్ళీ ఈ చదువు కావాలంటే పొద్దున్నే బయల్దేరి నాలుగు గంటలు బస్సులో వెళ్ళాలి. ఎవరు పంపుతారక్కా?"

"మనవాళ్ళెంతమంది వచ్చారు?"

"తొమ్మిదిమంది. పదిమంది ఉంటేగాని లెక్కలోకి తీసుకోరట. ఇక్కడ ఉద్యోగంలో ఉన్నదాన్ని, నేను లెక్కలోకి రాను. పదోదానివి నువ్వే."

అలా ముఖ్య అతిథి నుదుటికి కూడా పట్టీ పడింది.

సభ మొదలైంది. అందరి మమకారాన్నీ ఒకే కొలబద్దతో కొలవాలి కనుక, దాన్ని రేకెత్తించే ఉద్దీపన కూడా ఒకటే ఉండాలని పాలకమండలి నిర్ణయించింది. ఆ ఉద్దీపన ఉపకులపతి గారి ప్రసంగం. 'విశ్వవిద్యాలయ ప్రగతి: దశ, దిశ, దార్శనికత' అనే నలభై ఎనిమిది పేజీల పుస్తకాన్ని ఆవిడ కళ్ళజోడు సవరించుకుని మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టారు.

పది నిమిషాల దాకా తెర మీద ఏ విభాగమూ ముప్ఫై దాటలేదు. ఉపకులపతి గారు ప్రహరీగోడ అధ్యాయంలోకి వచ్చాక అంకెలు కదిలాయి. గృహవిజ్ఞానం యాభై. వాణిజ్యశాస్త్రం అరవై రెండు. అర్థశాస్త్రం డెబ్భై తొమ్మిది. ఉపకులపతి గారు ఓరగా తెర వంక చూసి, తన మాటలకు జనం ఇంతగా కదిలిపోతున్నారని తెలిసి, ప్రహరీగోడను ఇంకోసారి మొదటినుంచి చదివారు. గణితశాస్త్రం తొంభై మూడుకు చేరింది. ఆ వరసలోంచి గరగరమని పెద్ద శబ్దం వచ్చింది.

"గద్గదస్వరం," అన్నారు రిజిస్ట్రారు సుగుణ చెవిలో. "గణితం వాళ్ళలో ఇంత ఆర్ద్రత ఉందని ఇవాళే తెలిసింది."

వేదిక మీంచి సుగుణకు హాలంతా కనిపిస్తోంది. గణితం వాళ్ళ వరసలో తలలన్నీ ఒకవైపుకు వాలి ఉన్నాయి. అర్థశాస్త్రం వాళ్ళు గడ్డాలు గుండెలకు ఆనించుకున్నారు. వెనక వరసలో జంతుశాస్త్రం తొమ్మిదిమంది మాత్రం కళ్ళు మిలమిలా మెరుస్తుండగా ఒకరి మీద ఒకరు పడి గుసగుసలాడుకుంటున్నారు. రొయ్యల హేచరీ నడిపే మంగతాయారు ఏదో చెబుతుంటే, ప్రభుత్వాసుపత్రిలో హెడ్డు నర్సుగా చేస్తున్న మేరీ సువార్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. పాతికేళ్ళ తర్వాత కలుసుకున్న స్నేహితురాళ్ళు ఎలా ఉండాలో అలా ఉన్నారు. తెర మీద వాళ్ళకు ముప్ఫై ఒకటి.

సుగుణకు అనుమానం వచ్చింది. తన నుదుటి పట్టీ విప్పి తిప్పి చూసింది. లోపలివైపు, విశ్వవిద్యాలయం ముద్ర ఉన్న స్టిక్కరు కింద ఇంకో స్టిక్కరు ఉంది. గోటితో పైది గీకింది. కిందిదాని మీద ఒక లారీ బొమ్మ, స్టీరింగు మీద తలవాల్చిన డ్రైవరు బొమ్మ ఉన్నాయి. "నిద్రమత్తు హెచ్చరిక పట్టీ. దూరప్రాంత లారీ డ్రైవర్ల కొరకు. అంకె అరవై దాటిన వెంటనే బండి ఆపవలెను."

ప్రసంగం గంటా పది నిమిషాలకు ముగిసింది. చప్పట్లకు అందరూ ఉలిక్కిపడి లేచారు, తెర మీద మమకారం ఒక్కసారిగా పడిపోయింది. ప్రసంగం అయిపోయిందన్న వెలితి అది అని రిజిస్ట్రారు మైకులో వివరించి, ముఖ్య అతిథిని మాట్లాడవలసిందిగా కోరారు.

సుగుణ రాసుకొచ్చిన ఉపన్యాసాన్ని పక్కన పెట్టింది. పట్టీని పైకెత్తి చూపించింది.

"అందరికీ నమస్కారం. ఇది మమకారాన్ని కొలవదండీ. నిద్రని కొలుస్తుంది. లారీ డ్రైవర్ల కోసం చేసింది. ఇందులో ఎక్కువ వచ్చినవాళ్ళకి ఎక్కువ నిద్రొచ్చిందని అర్థం, అంతే. వీటిని చూసి ఏ విభాగం గురించీ ఏ నిర్ణయమూ తీసుకోకండి. గేటు మీద నా పేరుతో ఉన్న వాక్యంలో చివరి మాట పోయింది. సాధ్యం కాదు అన్నాను నేను."

గణితశాస్త్రం ఆవిడెవరో పక్కావిడను ఏమైందని అడిగింది.

రిజిస్ట్రారు కొంచెం కూడా తొణకలేదు. నెమ్మదిగా మైకు అందుకున్నారు.

"డాక్టర్ గారి అమూల్య అభిప్రాయాన్ని సభ గౌరవపూర్వకంగా నమోదు చేసుకున్నది. అయితే అది సాంకేతికాంశము. పాలకమండలి తీర్మానం సంఖ్య నూట పద్నాలుగులో సదరు పరికరం పేరు భావోద్వేగ మాపకం అని స్పష్టంగా పేర్కొనబడినది. పేరు భావోద్వేగ మాపకం అయినప్పుడు అది కొలిచేది భావోద్వేగమే కావలసి ఉన్నది. వేరొకదానిని కొలుస్తున్నచో అది పరికరం యొక్క క్రమశిక్షణా రాహిత్యము. దానిపై విడిగా విచారణ జరుగుతుంది. ఈలోగా అంకెలు చెల్లుతాయి."

ఉపకులపతి గారు తల ఊపారు. తన ప్రసంగానికి వచ్చినది నిద్ర అని ఒప్పుకోవడానికి ఆవిడ సిద్ధంగా లేరు. ఎవరు మాత్రం ఉంటారు?

భోజనాల ముందు ఫలితాలు గోడకు అంటించారు. ఒక్క జంతుశాస్త్రమే తప్పింది. మంగతాయారు జాబితా చూసి, "ఇంత వయసొచ్చి తప్పానే, మా కోడలికేం చెప్పను," అంది. నవ్వబోయి, ఫర్జానా ముఖం చూసి ఆగిపోయింది.

సుగుణ రిజిస్ట్రారు గది తలుపు తట్టింది.

"సార్, విభాగం మూసెయ్యాలంటే ఇంకేదైనా కారణం చూపండి. ఇది న్యాయం కాదు."

"మేడం, మేము నిర్దయులం కాము." ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. "విశ్వవిద్యాలయమన్న తర్వాత తప్పినవారికి సప్లిమెంటరీ లేకుండా ఎలా ఉంటుంది? మధ్యాహ్నం రెండున్నరకు జంతుశాస్త్ర ప్రయోగశాలలో పెడుతున్నాం. ఉద్దీపన మాత్రం మారకూడదు. ఉపకులపతి గారు విశ్రాంతిలో ఉన్నారు కనుక ప్రసంగ పాఠాన్ని ఎవరైనా చదవవచ్చు. నిపుణులు కనుక మీరే చదివితే మరింత శాస్త్రీయంగా ఉంటుంది. పర్యవేక్షణకు నేను కూర్చుంటాను."

బయటికొచ్చి సుగుణ భోజనాల వైపు నడిచింది. చేతులు కడుక్కునే చోట ఫర్జానా ఆమె మోచెయ్యి పట్టుకుంది.

"ఏం ఆలోచిస్తున్నావు?"

"నా దగ్గర ఒకబ్బాయి, తెలివైనవాడు, ఫలితం బాగుంటుందని రెండంకెలు మార్చాడే. పంపించేశాను. వాళ్ళమ్మ వచ్చి బతిమాలినా వినలేదు. ఇప్పుడు నేనేం చెయ్యబోతున్నానో నాకు తెలుసు. అదే ఆలోచిస్తున్నాను."

"నువ్వు ఒక్కంకె కూడా మార్చట్లేదక్కా. ఇది దేన్ని కొలుస్తుందో మైకులో చెప్పావు. రెండొందల మంది విన్నారు. వద్దన్నది వాళ్ళు."

"విన్నవాళ్ళలో సగం అప్పుడే నిద్ర లేచారు."

"సరే, వందమంది విన్నారు. ఆ నలభై ఆరుగురు పిల్లల్ని చెంచాలు సర్దమందామా?"

సుగుణ నిట్టూర్చింది. తర్వాత ఆమె ముఖంలో ప్రయోగం మొదలుపెట్టే ముందు వచ్చే కళ వచ్చింది. "మేరీని పిలువు. భోజనంలో ఏముందో కనుక్కోమను."

భోజనంలో పప్పు, గోంగూర, గుత్తివంకాయ, పులిహోర, బూరెలు, గడ్డపెరుగు ఉన్నాయి. మేరీ సువార్త వరస వెంట నిలబడి, ఆసుపత్రిలో మందు మింగించే గొంతుతో తొమ్మిదిమందికీ మారు వడ్డించింది. కాఫీ ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. "పెరుగన్నం ఇంకాస్త కలుపుకోండి. విభాగం కోసం తినండి," అంది. మంగతాయారు తనకు షుగరు జబ్బు ఉందని రెండు బూరెలతో ఆపేస్తానంటే, మేరీ నాడి పట్టుకుని చూసి సరేనంది, బదులు మజ్జిగ ఇంకో గ్లాసు తాగించింది.

రెండున్నరకు ప్రయోగశాలలో కిటికీ తెరలు దించారు. ఫ్యాన్లు మూడో నంబరు మీద తిరుగుతున్నాయి. తొమ్మిదిమంది పొడవాటి బల్లల ముందు, ఆ రోజుల్లో ఎవరి చోట్లో వాళ్ళు వెతుక్కుని కూర్చున్నారు. నుదుట పట్టీలు కట్టారు. సుగుణ కూడా కట్టుకుంది. రిజిస్ట్రారు ద్వారం దగ్గర కుర్చీ వేసుకుని, గడియారం చూసి, "ప్రారంభించవచ్చును" అన్నారు.

సుగుణ నిలబడి చదవడం మొదలుపెట్టింది. దశ, దిశ. ఆమె గొంతు మామూలుగానే మెత్తన. అందులో ఆమె ఎత్తుపల్లాలు కూడా తీసేసింది. ప్రహరీగోడ తూర్పు భాగం అయ్యేసరికి మంగతాయారు తల బల్ల మీదికి వాలింది. పడమటి భాగంలో ఇంకో నలుగురు. అందరికీ భోజనం పెట్టిన మేరీ సువార్త చివరిదాకా కళ్ళు తెరిచి కాపలా కాయబోయింది. వాహనాలు నిలిపే స్థలాల అధ్యాయం ఆమెను కూడా పడగొట్టింది. పన్నెండో పేజీలో రిజిస్ట్రారు గారి గడ్డం టై ముడి మీద ఆనింది.

ఇక ఆపవచ్చు. కానీ ఉద్దీపన ఆగకూడదని సుగుణ చదువుతూనే ఉంది. పేజీ తిప్పుతూ ఒకసారి తలెత్తింది.

తొమ్మిదిమందీ చేతులు మడిచి, వాటి మీద చెంపలు ఆనించుకుని నిద్రపోతున్నారు. హాస్టలు భోజనం తర్వాత ప్రాక్టికల్ క్లాసులో సరిగ్గా ఇలాగే నిద్రపోయేవాళ్ళు. మేడం వస్తున్న అడుగుల చప్పుడు వినగానే ఒకరినొకరు గిల్లి లేపుకునేవాళ్ళు. ఇప్పుడు మంగతాయారు పాపిట తెల్లబడింది. మేరీ వేళ్ళు మందులు కలిపీ కలిపీ మొద్దుబారాయి. మూడో బల్ల దగ్గర స్టూలు ఒకటి ఖాళీగా ఉంది. అది నళినిది. రెండేళ్ళ కిందట పోయింది. ఎవరూ అనుకోకుండానే ఆ చోటు వదిలి కూర్చున్నారు.

సుగుణ కళ్ళు నిండాయి. అక్షరాలు అలుక్కుపోయాయి. కళ్ళు తుడుచుకుని చదవబోయింది, మళ్ళీ నిండాయి. గోడవార నిలబడ్డ ఫర్జానా కూడా తల తిప్పుకుంది. కాసేపు ఇద్దరూ అలాగే ఏడ్చారు, చప్పుడు కాకుండా, పరీక్షకు భంగం కలగకుండా. తర్వాత సుగుణ గొంతు సవరించుకుని దార్శనికత చదివింది.

మూడున్నరకు కంప్యూటరు గంట మోగింది. రిజిస్ట్రారు ఉలిక్కిపడి లేచి, తాను ఆలోచనలో మునిగి ఉన్నట్టు చెప్పి, ఫలితాల కాగితం లాగి చూశారు. ఆయన కనుబొమలు పైకి లేచాయి.

"తొమ్మిదిమందికీ తొంభై ఏడు. అపూర్వం. జంతువులతో మెలగడం వల్ల హృదయం మెత్తబడుతుంది కాబోలు." వేలు కిందికి జరిగింది. "ఒకరికి మాత్రం నాలుగు. నాలుగు శాతం." ఆయన సుగుణ వైపు చూశారు. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ముక్కు తుడుచుకుంటోంది. ఆయన కాగితాన్ని గౌరవంగా మడిచి జేబులో పెట్టుకున్నారు. "పర్వాలేదు మేడం. సగటు ఎనభై ఏడు దాటింది. విభాగం నిలబడుతుంది. అందరికీ అన్నీ ఉండాలని లేదు."

మూడు వారాలకు బెంగుళూరుకు రిజిస్టర్డు పోస్టులో ఒక కవరు వచ్చింది.

"జంతుశాస్త్ర పూర్వ విద్యార్థిని డాక్టర్ ముక్కామల సుగుణ అను వారికి విశ్వవిద్యాలయము పట్ల గల మమకారము నాలుగు శాతము మాత్రమేనని శాస్త్రీయముగా రుజువైనందున, నలభై శాతము కన్న తక్కువ గలవారి పేర్లు పూర్వ విద్యార్థినుల పట్టీ నుండి తొలగించు నిబంధన మేరకు, వారి పేరు ఇందుమూలముగా తొలగించడమైనది. అప్పీలు చేసుకొనదలచినచో, ఎటువంటి భావోద్వేగములకు లోనుకాకుండా, నిర్ణీత నమూనాలో పదిహేను దినములలోగా దరఖాస్తు చేసుకొనవలెను."

ఆ సాయంత్రం ఫర్జానా ఫోన్ చేసింది. వెనక ఆడపిల్లల కేకలు, ఎవరో బకెట్టులో నీళ్ళు పోస్తున్న చప్పుడు వినిపిస్తున్నాయి. కొత్త బ్యాచిలో యాభై ముగ్గురు చేరారట. మంగతాయారు హేచరీ నుంచి బతికున్న రొయ్యపిల్లల్ని తొట్టితో సహా పంపిందట. మిగతా విభాగాలన్నీ జంతుశాస్త్రాన్ని ఆదర్శంగా తీసుకోవాలని పాలకమండలి తీర్మానించి, శుక్రవారం మధ్యాహ్నాలు అందరికీ ఉపకులపతి గారి ప్రసంగ పారాయణం పెట్టిందట.

"పిల్లలేమంటున్నారు?"

"హాజరు నూటికి నూరు. ఎప్పుడెప్పుడు శుక్రవారం వస్తుందా అని చూస్తున్నారు." ఫర్జానా గొంతు తగ్గించింది. "నీకేదో ఉత్తరం పంపారని ఆఫీసులో చెప్పారక్కా. నాకు చాలా సిగ్గేసింది. అది చూసి ఏడిచావా?"

"ఏడిచాను. నవ్వాను కూడా."

"ఏది ఎక్కువ?"

సుగుణ ఉత్తరాన్ని బల్ల మీద సాపు చేసి పెట్టింది. గాజు పలక అవతల ఆమె శిష్యులు ఎవరి మెదడు బొమ్మనో తెర మీద పెట్టి వాదించుకుంటున్నారు.

"ముప్ఫై ఏళ్ళుగా నేను కనుక్కోవాలని చూస్తున్నది అదేనే," అంది. "మీ రిజిస్ట్రారుగారికి తెలిసుంటుంది. అడిగి చెప్పు."